బాలచంద్ర మెడలో టవలు

ఆ సినిమా పేరు నా నోటితో చెప్పను. బాక్సింగు మీద తెలుగులో ఇంత గొప్ప సినిమా రాలేదని పేపర్లన్నీ రాశాయి. ఎక్కడో పరాయి దేశంలో బహుమతి ఇచ్చారు. చూసినవాళ్ళు లేచి నిలబడి ఎనిమిది నిమిషాలు చప్పట్లు కొట్టారట. కొట్టనీ, చేతులు వాళ్ళవి. నాకెందుకు కడుపుమంట అంటారా? అందులో విలన్ని నేనే.

నా పేరు దేవరాజులు. చిత్తూరులో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాను. మార్కెట్టు వెనక పాత బెల్లం గోడౌనులో పిల్లలకు బాక్సింగు నేర్పుతాను. అక్కడ బెల్లం పెట్టడం మానేసి పదిహేనేళ్ళయినా చీమలు మాత్రం పోలేదు. గ్లౌజులు దులపకుండా తొడుక్కుంటే ఎదుటివాడి దెబ్బ కంటే ముందు చీమ కుడుతుంది. అందుకే మా దగ్గర చేరిన ఎవరికైనా మొదటి పాఠం గ్లౌజు దులపడమే.

సినిమాలో నా పేరు మార్చారు. బొజ్జ మార్చలేదు. నా గళ్ళ చొక్కా, మెడలో విజిలు, మాట్లాడేటప్పుడు ముక్కు గోక్కోవడం అన్నీ దించేశారు. మా ఆవిడ తిరుమలమ్మ హాల్లో నా పక్కనే కూర్చుని చూసి, బయటికి వచ్చాక, "ఆ యాక్టరు నీకంటే రవ్వంత బాగుండాడులే, సంతోషపడు" అంది.  ఇంట్లో దీపం పెట్టి, "ఎందుకేసినావు ఆ టవలు?" అని అడిగింది. ఇరవై ఏళ్ళ తరవాత మొదటిసారి అడగడం అది. అన్నం పెట్టు అన్నాను.

ఇక హీరో సంగతి. సినిమాలో హీరో నిజానికి ఐరాల బాలచంద్ర. ఇప్పుడు నలభై రెండేళ్ళు. చెరుకు వేస్తాడు, గానుగ ఆడిస్తాడు. ఇరవై ఏళ్ళ వయసులో అరవై కిలోల బరువులో జిల్లాలో అతని ముందు నిలబడ్డవాడు లేడు. నేనే తయారు చేశాను. చేశానని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

రెండువేల మూడులో నెల్లూరులో రాష్ట్ర ఫైనలు. ఐరాల నుంచి ఒక వ్యాను నిండా జనం వచ్చారు. బాలచంద్ర నాయన దొరస్వామి తలపాగా చుట్టుకుని గ్యాలరీలో ముందు వరసలో కూర్చున్నాడు. నాలుగు రౌండ్ల ఆట. మూడు అయ్యాయి. బాలచంద్ర రెండే పాయింట్లు వెనక. నాలుగో రౌండు మొదలై అర నిమిషం కాకముందే మా మూల నుంచి టవలు రింగులో పడింది. బాక్సింగులో దానర్థం ఒక్కటే. మావాడు ఆడడు, ఓడిపోయాం, ఆపండి అని. వేసింది నేను. ఐరాల వాళ్ళు నన్ను కొట్టడానికి వచ్చారు. పోలీసులు అడ్డం నిలబడబట్టి బతికాను.

సినిమాలో ఇదంతా ఉంది. దాంతో పాటు, ముందు రోజు లాడ్జిలో అవతలివాళ్ళు నాకు డబ్బుల సూట్‌కేసు ఇచ్చిన సీను కూడా ఉంది. ఆ యాక్టరు సూట్‌కేసు తెరిచి, మూసి, ముక్కు గోక్కుంటాడు. హాలంతా పళ్ళు కొరికింది.

ఆ డైరెక్టరు కుర్రాడు చెడ్డవాడేమీ కాదు. సినిమా తీయకముందు మా ఇంట్లో మూడు రోజులు ఉన్నాడు. తిరుమలమ్మ చేసిన రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ ముద్ద మీద ముద్ద అడిగి తిన్నాడు. అన్నీ అడిగి రాసుకున్నాడు. చివరికి టవలు సంగతి వచ్చింది. "ఎందుకు వేశారు సార్?" అన్నాడు. "వేయాలనిపించింది, వేశాను" అన్నాను. బాలచంద్రను అడిగాడట. "సారెందుకేసినాడో నాకు తెలీదు" అన్నాడట బాలచంద్ర. నేను నోరు మూసుకున్నాను, అతను తెలీదన్నాడు. మధ్యలో మిగిలిన ఖాళీలో డైరెక్టరు తెచ్చి సూట్‌కేసు పెట్టాడు. కథ అన్నాక ఏదో ఒకటి పెట్టాలి కదా.

అసలు జరిగింది చెబుతాను. మూడో రౌండు అయ్యాక మా మూలలో స్టూలు మీద కూర్చుని బాలచంద్ర నా చొక్కా పట్టుకున్నాడు. "సార్, ఇంగ నా చాతగాదు. చెవిలో ఒగటే మోత. ఆపేయండి సార్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "రెండు పాయింట్లేరా! రెండంటే రెండు!" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. కళ్ళల్లో నీళ్ళు. "ఆపేయండి సార్. నేను అడిగినానని మాత్రం యారికీ చెప్పొద్దండి. మా నాయన ఆడ కూర్చోనుండాడు" అన్నాడు. ఇంతలో గంట కొట్టారు. వాణ్ణి లేపి పంపించాను. ఇరవై సెకన్లు చూశాను. నాకు కోపం పోలేదు, అయినా టవలు వేశాను. అంతే సంగతి.

ఆ రాత్రి ఆసుపత్రిలో వాడి కర్ణభేరి చిరిగిందని డాక్టరు చెప్పాకే నా కోపం పోయింది. చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. దొరస్వామి బతికున్నంతకాలం ఎదురుపడితే నాకేసి ఉమ్మేసేవాడు. ఆయన పోయి ఆరున్నరేళ్ళయింది. అప్పుడైనా బాలచంద్ర వచ్చి, ఇంక చెప్పండి సార్ అంటాడేమో అనుకున్నాను. రాలేదు. ఆర్నెల్ల తరవాత తొమ్మిదేళ్ళ కూతుర్ని చెయ్యి పట్టుకుని తెచ్చి గోడౌను ముందర నిలబెట్టాడు. "మీ దగ్గరే నేర్సుకోవాల సార్" అన్నాడు. అదే వాడు చెప్పుకున్న క్షమాపణ అనుకుని తీసుకున్నాను.

ఆ పిల్ల లోహిత. ఇప్పుడు పదిహేనేళ్ళు. నలభై ఎనిమిది కిలోలు, తండ్రి కన్నా మంచి కాళ్ళు. ఒకటే లోపం. అలిసిపోతే కుడి చెయ్యి కిందికి జారుతుంది. చెంప ఖాళీ అవుతుంది. ఆరేళ్ళుగా నేను చెప్పిన మాటల్లో సగం "చెయ్యి పైకి" అనేదే. పడుకున్నప్పుడు కూడా కుడి చెయ్యి దవడ కింద పెట్టుకుంటోందని వాళ్ళమ్మ మునెమ్మ ఒకసారి నవ్వుతూ చెప్పింది. నాకు పిల్లల్లేరు. ఆ పిల్ల అంటే ప్రాణం. ఈ మాట ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు, తిట్టడం తప్ప.

సినిమా వచ్చాక గోడౌనుకు వచ్చే ఇరవై రెండు మందిలో పదహారు మంది మానేశారు, లోహిత కూడా. టీ కొట్టు సునీల్‌కుమార్ నాకు గ్లాసు అందిస్తూ, "ఏం సార్, సూట్‌కేసు ఏ కంపెనీది?" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ముఖం మీద కొట్టాలని ఉన్నా, బాక్సింగు నేర్పేవాడు టీ కొట్టువాణ్ణి కొట్టకూడదు.

బాలచంద్రకు మాత్రం సన్మానాలే సన్మానాలు. శాలువాలు పెట్టడానికి ఇంట్లో బీరువా చాలక ట్రంకుపెట్టె కొన్నారట. సినిమాలో హీరో చివర్లో ఒక మాట అంటాడు. "టవలు ఉండేది చెమట తుడుచుకునేదానికి, విసిరేదానికి కాదు." ఎక్కడికి పోయినా బాలచంద్ర చేత ఆ మాట చెప్పించి ఈలలు వేసేవాళ్ళు. అది అచ్చువేసిన టీషర్టులు కూడా వచ్చాయి. బాలచంద్ర అదే టీషర్టు తొడుక్కుని తిరిగేవాడు. పాపం, కాదని ఎక్కడ అంటాడు?

ఒక ఆదివారం పొద్దున తండ్రీకూతుళ్ళు బండి మీద మా ఇంటికి వచ్చారు. బాలచంద్ర వాకిట్లోనే బండి దగ్గర నిలబడ్డాడు. లోహిత ఒక్కతే లోపలికి వచ్చింది. తల స్నానం చేసి, పసుపు పావడా, ఓణీ వేసుకుంది. ఆ పిల్లను నేను ట్రాక్‌సూట్లో తప్ప చూసింది లేదు.

"సార్, కాణిపాకం పోదాం రండి" అంది.

నాకు అర్థమైంది. మా జిల్లాలో దొంగతనమైనా, గట్టు తగాదా అయినా, మొగుడూ పెళ్ళాల అనుమానమైనా చివరికి తేలేది కాణిపాకం వినాయకుడి ముందరే. కోనేట్లో మునిగి, తడిబట్టలతో ఆయన ముందు నిలబడి ప్రమాణం చేస్తే కోర్టు కూడా అక్కర్లేదు. రానన్నవాడు తప్పు ఒప్పుకున్నట్టే. పాతికేళ్ళ కిందటి తగాదాలు అట్లా తెగినవి నాకు తెలుసు.

"దుడ్లు తీసుకోలేదని ఒగ మాట సెప్పండి సార్. ఊరంతా ఏమన్నా అనుకోనీ, నేను నమ్మతా. రేపట్నించి గోడౌనుకు వస్తా" అంది.

తిరుమలమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. దుడ్లు తీసుకోలేదు కదా, పోయి చెప్పొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ ఆ ఒక్క నిమిషంలో అదే అనుకున్నాను. తీసుకోలేదు అంటాను. అప్పుడు ఆ పిల్ల, అయితే ఎందుకేసినారు సార్ అంటుంది. తడిబట్టలతో ఆ దేవుడి ముందు నిలబడి సగం నిజం చెప్పి ఊరుకోగలనా? తక్కినది చెబితే తండ్రి పరువు కూతురి ముందు పోతుంది. కిటికీలోంచి బాలచంద్రకేసి చూశాను. వాడు బండి అద్దంలో ముఖం చూసుకుంటున్నట్టు తల దించుకుని ఉన్నాడు. ఒక్కసారి తల ఎత్తితే చాలనుకున్నాను. ఎత్తలేదు.

"నేను రాను" అన్నాను.

"ఎందుకు సార్?"

"రానంటే రాను. పో!"

అంత గట్టిగా అరిచి ఉండకూడదు. లోహిత కళ్ళు తుడుచుకోలేదు, అట్లాగే వెనక్కి తిరిగింది. నేను వాకిట్లోకి వచ్చాను. బాలచంద్ర బండి స్టార్టు చేస్తున్నాడు. "ఒరేయ్, బిడ్డ అలిసిపోతే కుడి చెయ్యి దించతాది. సూసుకో" అన్నాను. వాడు నా ముఖం చూడకుండా తల ఊపి వెళ్ళిపోయాడు.  సాయంత్రం సునీల్‌కుమార్ కొట్టు దగ్గర అందరికీ తెలిసిపోయింది, కాణిపాకం రానన్నాడని. ఇంక సూట్‌కేసు గురించి ఎవరూ అడగలేదు. తేలిపోయింది కదా, అడిగేదేముంది? మిగిలిన ఆరుగురిలో ఇద్దరు మానేశారు.

రెండు నెలల తరవాత తిరుపతిలో ఆడపిల్లల రాష్ట్ర పోటీలు. లోహిత ఫైనలుకు వచ్చిందని పేపర్లో చూశాను. శిక్షణ: తండ్రి బాలచంద్ర అని వేశారు. పోకూడదనుకున్నాను. పొద్దున్నే లేచి బస్సెక్కాను. తిరుమలమ్మ ఏమీ అడగకుండా పులిహోర పొట్లం కట్టి సంచిలో పెట్టింది.

ఇండోర్ స్టేడియంలో పై వరసలో, స్తంభం పక్కన కూర్చున్నాను. టోపీ కిందికి లాక్కున్నాను. ఎర్ర మూలలో లోహిత. వెనక బాలచంద్ర ఆ టీషర్టు వేసుకుని, మెడలో తెల్ల టవలుతో నిలబడి ఉన్నాడు. జనంలో సగం మంది ఫోన్లు రింగుకేసి కాదు, అతనికేసి తిప్పి పెట్టుకున్నారు. సినిమా హీరోను నిజంగా చూస్తున్నారు మరి. ఎవరో అరిస్తే అందరూ కలిసి ఆ టవలు డైలాగు అందుకున్నారు. బాలచంద్ర చెయ్యి ఎత్తి ఊపాడు.

ఎదుటి పిల్లది ఉత్తరాంధ్ర. పొడుగు. ఎడమ చెయ్యి కొంకిలాగా పక్కనుంచి వస్తుంది. మొదటి రౌండు లోహితదే. ఆ పిల్ల కాళ్ళు చూసి నాకు ఒళ్ళు పులకరించింది. రెండో రౌండు సగానికి అలిసింది. కుడి చెయ్యి ఒక అంగుళం జారింది. "చెయ్యి పైకి!" అని ఇక్కడినుంచే అరిచాను. ఆ గోలలో నా పక్కవాడికి కూడా వినపడలేదు. ఎడమ చెయ్యి వచ్చి చెంప మీద పడింది. మళ్ళీ పడింది. రెఫరీ ఆట ఆపి, తేరుకోనిచ్చి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. గంట కొట్టారు.

లోహిత స్టూలు మీద కూర్చుంది. ముక్కులోంచి నెత్తురు. బాలచంద్ర ముందు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు తాగించాడు. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. వినపడక్కర్లేదు. ఆ పిల్ల గ్లౌజుతో తండ్రి టీషర్టు పట్టుకోబోయి, పట్టు దొరక్క, తల అడ్డంగా ఊపింది. ఆ తల ఊపు నేను నెల్లూరులో చూశాను.

బాలచంద్ర లేచాడు. రెండు చేతులతో టవలు రెండు అంచులూ పట్టుకున్నాడు. తియ్యలేదు. చుట్టూ ఫోన్లు. టవలు డైలాగు మళ్ళీ మొదలైంది. వాడు గ్యాలరీకేసి చూశాడు. వరస వరసా వెతికాడు. నేను వస్తానని వాడికెట్లా తెలుసో, నా టోపీ దగ్గర చూపు ఆగింది. ఇరవై రెండేళ్ళ వెనకటి ముఖమే అది. గంట కొట్టారు. లోహిత లేచి వెళ్ళింది.

నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. నా మోకాళ్ళకు మెట్లంటే పడదు. దిగేసరికి ఆ పిల్ల తాళ్ళకు ఆనుకుని ఉంది. రెండు చేతులూ కిందికి జారాయి. దెబ్బలు చెవి మీద పడుతున్నాయి. రెఫరీ కుర్రవాడు, ఆపాలా వద్దా అని చూస్తున్నాడు. బాలచంద్ర కదలడం లేదు. "విసురురా!" అన్నాను. వాడి చేతులు టవలుకు అతుక్కున్నట్టున్నాయి. నేనే అంచు పట్టి లాగాను. వాడి వేళ్ళు వెంటనే వదిలేశాయి. విసిరాను. రింగు మధ్యలో పడింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తరవాత ఎవడో నన్ను గుర్తుపట్టాడు. "సూట్‌కేసు! సూట్‌కేసు మాస్టరు!" అని అరిచాడు. ఇంక స్టేడియమంతా అందుకుంది. నీళ్ళ సీసా ఒకటి వచ్చి నా భుజం మీద పడింది. రెఫరీ పోటీ ఆపి టేబులు దగ్గరికి వెళ్ళాడు. అక్కడి పెద్దాయన లేచి వచ్చాడు.

"ఎవరు మీరు? మీ కోచ్ కార్డేదీ?" అన్నాడు నన్ను.

"లేదు" అన్నాను.

"కార్డు లేనివాడు వేస్తే అది చెల్లదు. పోటీ కొనసాగుతుంది. వీరిని బయటికి పంపండి."

ఎవరో నా రెక్క పట్టుకున్నారు. లోహిత తాళ్ళు పట్టుకుని నిలబడి మాకేసి చూస్తోంది. ఎడమ కన్ను మూసుకుపోయింది. నాకు చేతకాని కోపం, దానికంటే ఎక్కువ భయం. పోటీ మళ్ళీ మొదలుపెడితే ఆ పిల్ల ఏమవుతుందో నాకు తెలుసు.

"నాది సార్" అన్నాడు బాలచంద్ర.

పెద్దాయన తిరిగి చూశాడు. "ఏది?"

"ఆ టవలు. నేనే ఏసినాను. సారు చెయ్యి అడ్డమొచ్చింది, అంతే." మెడలోని కార్డు ఎత్తి చూపించాడు. గొంతు పెద్దది చేశాడు. గ్యాలరీ దాకా వినపడాలని చేశాడు. "నేనే ఏసినాను సార్! మా బిడ్డ ఆడదు."

అరుపులు ఒక్కసారిగా తగ్గాయి. ఎక్కడో ఈల వేయబోయినవాడు మధ్యలో ఆపేశాడు. రెఫరీ అవతలి పిల్ల చెయ్యి ఎత్తాడు. లోహిత తాళ్ళ మధ్యలోంచి కిందికి దిగి, దంతాల కవచం ఉమ్మేసి, తండ్రి ముందు నిలబడింది. ఏడుస్తోంది. దెబ్బలకు కాదు.

"నేను అడిగినప్పుడే ఎందుకు ఏయలేదు నాయనా?"

 ఫోన్లు ఇంకా మా మీదే ఉన్నాయి. బాలచంద్ర వాటికేసి చూశాడు, నాకేసి చూశాడు, చివరికి కూతురికేసి చూశాడు.

"నెల్లూరులో నేను అడిగితే సారు ఏసినాడమ్మా. అడిగింది నేనే. ఇన్నేండ్లూ సారు నోరు తెరవలా" అన్నాడు. "నువ్వు అడిగితే నాకు చెయ్యి రాలేదు."

లోహిత నావైపు తిరిగింది. రెండు గ్లౌజులూ నా ముందుకు చాపింది, విప్పమని. ఆరేళ్ళుగా ఆ ముడులు విప్పింది నేనే. చెమటకు తడిసి బిగిసిన ముడి ఒక పట్టాన దొరకలేదు. మూడోసారికి వచ్చింది.